చివరి మోటారుకి వోల్టేజీ

ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు మనం చూపించే చోట్లు మీ అందరికీ తెలిసినవే. నయాగరా, వాషింగ్టన్, డిస్నీ, వేగాస్, వీలుంటే పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి. 2019లో మా నాన్నగారు మూడోసారి వచ్చారు. అప్పటికి ఇవన్నీ అయిపోయాయి. "మనుషులు లేని చోటు ఏదైనా ఉందట్రా ఈ దేశంలో?" అని అడిగారు. ఉంది నాన్నా, అన్నాను. డెత్ వ్యాలీ! పేరు విని అమ్మ మొహం మాడ్చుకుంది.

మాది దక్షిణ కాలిఫోర్నియా. వారమంతా క్లయింట్ల డేటాబేసులతో కుస్తీ పడే నాకు ఉన్న ఒకే ఒక్క దురద పాత టొయోటా ఫోర్‌రన్నర్. తారు రోడ్డు ఆగిపోయిన చోట దానికి ప్రాణం లేచొస్తుంది. మా ఆవిడ దాన్ని "మీ రెండో సంసారం" అంటుంది. ఆ బండికి అప్పుడే కొత్తగా ఒక టాబ్లెట్ బిగించాను. ఫోను తెర కన్నా పెద్దది, కొండలూ వాగులూ కనపడే టోపో మ్యాపులు ముందే దించుకోవచ్చు, సెల్ సిగ్నల్ లేకపోయినా మన బండి మ్యాపు మీద నీలం చుక్కలా కదులుతుంది.

ఇక్కడ చిన్న పిట్టకథ. నా మిత్రుడొకాయన డబ్బు కలిసొస్తుందని వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్ కొని, అడవిలోకి వెళ్ళాక చుక్క కదలట్లేదని నాకు చూపించాడు. ఆ రకంలో జీపీఎస్ చిప్పే ఉండదు! సెల్యులార్ రకంలోనే ఉంటుంది, సిమ్ వెయ్యకపోయినా పని చేస్తుంది. లేదా బ్లూటూత్‌తో కలిసే రిసీవర్ ఒకటి విడిగా కొనుక్కోవాలి. ఇంకో సంగతి. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆ ఉపగ్రహాలు సమాచారం పంపే వేగం సెకనుకి 50 బిట్లు. మనం ఈ దేశం వచ్చిన కొత్తలో వాడిన డయలప్ మోడెమ్ దాని ముందు పంచకళ్యాణి గుర్రం. పూర్తి సందేశం ఒకసారి చెప్పడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. సిగ్నల్ ఉన్న చోట ఫోన్లూ టాబ్లెట్లూ ఆ సమాచారాన్ని నెట్ నుంచి తెచ్చుకుంటాయి కాబట్టి మనకి తెలియదు. ఎడారిలో తెలుస్తుంది. అందుకే బయల్దేరే ముందే హోటల్ దగ్గర ఒకసారి చుక్కని లేపి పెట్టుకోవాలి.

ఏప్రిల్ చివరి వారం. లోన్ పైన్ అనే చిన్న ఊళ్ళో దిగాం. అలాస్కా, హవాయి మినహా ఈ దేశంలో అన్నిటికన్నా ఎత్తైన మౌంట్ విట్నీ, 14,505 అడుగులు, హోటల్ వాకిట్లోంచి కనపడుతుంది. ఉత్తర అమెరికాలో అన్నిటికన్నా పల్లమైన బ్యాడ్‌వాటర్, సముద్రమట్టానికి 282 అడుగులు కింద, కొండల అవతలే. అమ్మా, మా ఆవిడా ఊళ్ళోనే ఉంటామన్నారు. పొద్దున్నే నేనూ, నాన్నగారూ, పన్నెండేళ్ళ మా వాడూ బయల్దేరాం. పులిహోర, పెరుగన్నం, మనిషికి రోజుకి ఒక గ్యాలన్ లెక్కన నీళ్ళు, ఒక స్పేర్ టైరు. ఒక పేపరు మ్యాపు కూడా. అది నేను పెట్టలేదు, నాన్నగారు పార్కు ఆఫీసులో ఊరికే ఇస్తున్నారని తెచ్చుకున్నారు.

మేం వెళ్ళేది రేస్‌ట్రాక్ అనే చోటికి. యూబీహీబీ అనే అగ్నిపర్వత బిలం దగ్గర తారు రోడ్డు అయిపోతుంది. అక్కణ్ణించి 27 మైళ్ళు కంకర రోడ్డు. పేరుకే రోడ్డు. పొలంలో సాళ్ళు తోలినట్టు అడ్డంగా గట్లు, మధ్యలో టైర్లు కోసే రాళ్ళు. మెల్లగా పోతే వెన్నుపూసలు లెక్క పెట్టుకోవచ్చు, వేగంగా పోతే బండి జారుతుంది. ఆ కుదుపుకి సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టిన చార్జరు ఊడి వచ్చేది. మా వాడు మళ్ళీ గుచ్చేవాడు. పది మైళ్ళలో ఆరుసార్లు.

ఇరవయ్యో మైలు దగ్గర టీకెటిల్ జంక్షన్. ఒక కొయ్య బోర్డు, దాని నిండా జనం వేలాడదీసి పోయిన టీ కెటిళ్ళు. నాన్నగారు దిగి, మన ఊరి రావిచెట్టుకి కట్టిన ముడుపుల్లా ఉన్నాయన్నారు. నేను టాబ్లెట్ చూసుకున్నాను. నూరు శాతంతో బయల్దేరింది, అరవై ఒకటి చూపిస్తోంది. పక్కనే మెరుపు గుర్తు, అంటే చార్జి అవుతోందని. అవుతూ ఉంటే తగ్గడమేమిటి? మాస్టర్స్ చేసిన బుర్ర కదా, సాఫ్ట్‌వేర్ బగ్ అనుకున్నాను.

రేస్‌ట్రాక్ గురించి చెప్పకపోతే అన్యాయం. కొండల మధ్య దాదాపు మూడు మైళ్ళ పొడవున ఎండిపోయిన చెరువు. నేల అరచేతిలా సమంగా, బీటలు వారి ఉంటుంది. దాని మీద అక్కడక్కడా బండరాళ్ళు, ప్రతి రాయి వెనకా అది ఈడ్చుకుంటూ పోయిన గీత. ఎవరూ తోయకుండా రాళ్ళు ఎలా కదిలాయన్నది చాలా దశాబ్దాల పాటు తేలలేదు. రిచర్డ్ నోరిస్, జేమ్స్ నోరిస్ అనే ఇద్దరు దాయాదులు, మిత్రులతో కలిసి, పార్కు వారి అనుమతితో 2011 చలికాలంలో బయటి నుంచి 15 రాళ్ళు తెచ్చి, వాటికి జీపీఎస్ పరికరాలు బిగించి అక్కడ పెట్టారు. రాయి కదిలితేనే రికార్డు మొదలయ్యేలా కట్టారు. రెండేళ్ళు నిరీక్షించాక, 2013 డిసెంబరులో వాళ్ళ కళ్ళ ముందే రాళ్ళు నడిచాయి. చెరువులో కొద్దిపాటి నీళ్ళు నిలిచి, రాత్రికి కొన్ని మిల్లీమీటర్ల మందాన మంచు పలక కట్టి, ఎండెక్కగానే పగిలి, చిన్న గాలికే ఆ పలకలు రాళ్ళని మెల్లగా తోసుకుపోయాయి. నిమిషానికి కొన్ని మీటర్లు, అంతే. 2014లో ఆ పరిశోధన ప్రచురించారు.

ఈ కథ నాన్నగారికి చెప్పాను. శ్రద్ధగా విని, "ఆ రాళ్ళకి బ్యాటరీ ఎన్నాళ్ళు వచ్చింది?" అన్నారు.

"రెండేళ్ళ పైన, నాన్నా."

"నీది ఇరవై మైళ్ళు కూడా రాలేదు."

నాన్నగారి ఉద్యోగం సంగతి చెప్పాలిగా. 1974లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డులో చేరి, బోర్డు ముక్కలై కంపెనీలయ్యాక కూడా లైన్ల మీదే పని చేసి రిటైరయ్యారు. ఒంగోలు దగ్గర పల్లెల్లో ఆయన ఎక్కని స్తంభం లేదు. ఆయన లెక్కలో లోకంలోని సమస్యలు రెండే రకాలు: లూజ్ కాంటాక్టు, లో వోల్టేజీ.

బండి ఆపి, ఎండలో నడిచి వెళ్ళి ఆ రాళ్ళు చూసి, ఫోటోలు తీసుకుని గంటన్నర తరవాత వచ్చాం. అద్దాలన్నీ బిగించిన బండిలో, డాష్‌బోర్డు మీద, ఎండకి ఎదురుగా టాబ్లెట్ వదిలేశాను. అది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. చాలా టాబ్లెట్లు తట్టుకునే బయటి వేడి 35 డిగ్రీల సెల్సియస్, అంటే 95 ఫారెన్‌హీట్. మూసిన బండి అద్దం వెనక అది ఇట్టే దాటిపోతుంది. తెర మీద థర్మామీటరు బొమ్మ వేసి, చల్లబడితే గానీ పని చేయనని మొరాయించింది. ఏసీ గాలి దగ్గర పట్టుకుని బండి తీశాం. కాసేపటికి లేచింది. పదకొండు శాతం.

అప్పటికి సాయంత్రం అయిదయింది. వచ్చిన దారినే పోతే లోన్ పైన్ దాదాపు నూట యాభై మైళ్ళు. మ్యాపులో చూస్తే, రేస్‌ట్రాక్ దాటాక దక్షిణాన లిపిన్‌కాట్ అనే పాత సీసం గని రోడ్డు సలైన్ వ్యాలీలోకి దిగుతోంది. అటు పోతే ఎంతో దగ్గర. తెర మీద రెండు రోడ్లూ ఒకే రంగు గీతలు. ఏడు గంటలకల్లా వేడి వేడి భోజనం కళ్ళ ముందు మెదిలింది. బండి అటు తిప్పాను.

ఆ మలుపు దగ్గర హెచ్చరిక బోర్డు ఉంది. ఇరుకు, నిటారు, అనుభవం ఉన్నవాళ్ళకే అని. చదువుతూ ఉండగానే టాబ్లెట్ నల్లబడింది. ఈసారి వేడి కాదు, బ్యాటరీ.

నిజం చెప్తాను, అప్పుడు కూడా వెళ్దామనే అనుకున్నాను. కొండ మీంచి చూస్తే లోయ కనపడుతూనే ఉంది కదా! నాన్నగారు సీటు బెల్టు తీసి దిగారు. రోడ్డు అంచు దాకా నడిచి వెళ్ళి కిందికి చూసి వచ్చారు.

"ఏరా, ఈ లైను ఎటు పోతుందో తెలుసా నీకు?"

"మ్యాపులో ఉంది నాన్నా."

"మ్యాపు చచ్చింది కదరా. లైను ఎటు పోతుందో తెలియకుండా ఫ్యూజు పెట్టినవాణ్ణి ఒకణ్ణి నేను స్తంభం మీద నుంచి దించాను. బండి తిప్పు." ఎవర్ని దించారో, ఆ మనిషికి ఏమైందో నేను అడగలేదు. వెనక సీట్లో మా వాడు కూర్చుని ఉన్నాడు.

ఈ డెత్ వ్యాలీలోనే 2009 ఆగస్టులో ఒక తల్లి జీపీఎస్ చూపించిన దారిని నమ్మి, వాడుకలో లేని రోడ్డులోకి పోయి ఇసకలో కూరుకుపోయింది. అయిదు రోజుల తరవాత రేంజరు కనుక్కునేసరికి ఆమె ప్రాణాలతో ఉంది, కొడుకు లేడు. ఇలాంటివాటికి రేంజర్లు "డెత్ బై జీపీఎస్" అని పేరు పెట్టారు. తరవాత పార్కు వాళ్ళే మ్యాపుల కంపెనీలతో మాట్లాడి, మూసేసిన పాత రోడ్లు తీయించే పని పెట్టుకున్నారు. ఇదంతా నేను చదివిందే. చదివి, మా వాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని, ఆ మలుపు దాకా వెళ్ళాను.

తిరుగు ప్రయాణంలో పేపరు మ్యాపు నాన్నగారి ఒళ్ళో ఉంది. ఓడోమీటరు చూస్తూ, "ఇంకో నాలుగు మైళ్ళకి నీ కెటిళ్ళు రావాలి" అనేవారు. వచ్చాయి. అక్కడ బండి ఆపించి చార్జరు పరీక్ష మొదలుపెట్టారు. తీగని వేళ్ళతో నలిపి చూసి, "ఇది తీగా, దారమా?" అన్నారు. మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కథ నాకు తెలుసు గానీ ఎడారిలో మళ్ళీ విన్నాను. ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న రైతు మోటారు గలగలా నీళ్ళు పోస్తుంది. అదే లైన్లో చివర ఉన్న రైతు మోటారుకి కరెంటు ఉంటుంది, బల్బు వెలుగుతుంది, మోటారు మూలుగుతుంది, నీళ్ళు రావు. "నీ మెరుపు గుర్తు ఆ బల్బు లాంటిది" అన్నారు.

ఆయన చేసిన రిపేరు ఇంతే. ఆరడుగుల తీగ తీసేసి, నా ఫోనుకి వాడే అడుగు పొడుగు లావు తీగ పెట్టారు. మా వాడి నోటుబుక్కు అట్ట చింపి మడిచి, సాకెట్ పక్కన ఆనించి చార్జరు కదలకుండా బిగించారు. తెర వెలుతురు సగానికి తగ్గించి, టాబ్లెట్‌ని ఏసీ గాలికి ఎదురుగా పెట్టమన్నారు. యూబీహీబీ చేరేసరికి అది లేచి తొమ్మిది శాతం చూపిస్తోంది. తారు రోడ్డు ఎక్కాక పదిహేడు. దాని అవసరం అప్పటికి తీరిపోయిందనుకోండి, అది వేరే సంగతి.

లోన్ పైన్ చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. దారిలో ఎక్కడా సిగ్నల్ లేదు. మా ఆవిడ హోటల్ వరండాలో ఫోను పట్టుకుని నిలబడి ఉంది. పదకొండున్నర దాకా చూసి 911కి చేద్దామనుకుందట. ఏ దారిన వెళ్తున్నామో, ఎన్నింటికి వస్తామో ఒక కాగితం మీద రాసి ఇవ్వాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. చేస్తే మాత్రం వాళ్ళకి ఏమని చెప్పేది? అమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. నాన్నగారితో మాట్లాడింది.

ఇంటికి వచ్చాక మీటరు పెట్టి కొలిచాను. ఆ తీగ లోపల 28 గేజి రాగి. పోను ఆరడుగులు, రాను ఆరడుగులు, దాని నిరోధం 0.8 ఓముల దగ్గర. ఒక ఆంపియరు పోతే అందులోనే 0.8 వోల్టు మింగేస్తుంది. చార్జరు ఇచ్చేదే 5 వోల్టులు, ఒక ఆంపియరు. అంటే టాబ్లెట్‌కి నాలుగు వాట్లకి కాస్త పైన అందుతోంది. నిండుగా వెలిగే తెరా, జీపీఎస్ కలిసి దానికి రెట్టింపు తాగుతున్నాయి. రెండు ఆంపియర్ల పెద్ద చార్జరు కొన్నా ఆ తీగతో లాభం లేదు, ఒకటిన్నర వోల్టు దాకా తీగలోనే పోతుంది. అదే 20 గేజి తీగ అయితే పావు వోల్టు.

తరవాతి శనివారం ఇద్దరం గరాజులో కూర్చున్నాం. బండి బ్యాటరీ ఇంజను ఆపి ఉంటే 12.6 వోల్టులు, నడుస్తుంటే 14 దాకా, స్టార్టరు తిప్పే క్షణంలో బాగా కిందికి పడుతుంది. ఈ ఊగిసలాట తట్టుకుని 5 వోల్టులు, 3 ఆంపియర్లు నిలకడగా ఇచ్చే చిన్న కన్వర్టరు ఒకటి డాష్‌బోర్డు వెనక బిగించాం. తాళం తిప్పితేనే కరెంటు వచ్చే లైను నుంచి తీశాం, లేకపోతే రాత్రంతా బ్యాటరీని పీలుస్తుంది. ఫ్యూజు మూడు ఆంపియర్లు. దాన్ని నేను చేతికి అందేలా కన్వర్టరు పక్కన పెట్టబోతే నాన్నగారు ఒప్పుకోలేదు. కరెంటు మొదలయ్యే చోటే ఫ్యూజు ఉండాలట. మధ్యలో తీగ ఒరుసుకుని బాడీకి తగిలితే, చివర పెట్టిన ఫ్యూజు చూస్తూ ఊరుకుంటుంది, బండి తగలబడుతుంది. టాబ్లెట్‌ని అద్దం మీద నుంచి తీసి, ఏసీ గాలి తగిలే చోట బోల్టులతో బిగించాం. సిగరెట్ లైటర్ సాకెట్ ఇప్పుడు మా వాడి ఆటబొమ్మలకి. పేపరు మ్యాపు తలుపు జేబులోనే ఉంది, మడతల దగ్గర చిరిగింది.

ఆ సర్క్యూటు నాన్నగారు పాత కరెంటు బిల్లు వెనక పెన్సిల్‌తో గీశారు. ఫ్రేము కట్టించుకుందామంటే మా ఆవిడ నవ్వింది, నేను కట్టించాను. ఆయన ఇప్పుడు ఊళ్ళో ఉన్నారు, డెబ్భై దాటాయి, మళ్ళీ వీసా, విమానం అంటే ఓపిక లేదంటున్నారు. నేను బండేసుకుని ఎటైనా బయల్దేరే ముందు వీడియో కాల్ చేస్తే, ఎక్కడికి, ఎప్పుడు వస్తావు అని అమ్మ అడుగుతుంది. రాసి పెట్టావా అని మా ఆవిడ వెనక నుంచి అరుస్తుంది. నాన్నగారు ఫోను లాక్కుని ఒక్క మాటే అడుగుతారు, చివర ఎంత చూపిస్తోందిరా అని. మీటరు గుచ్చి చదివి చెప్తాను. మొన్న 5.1 ఉంది.