కనిపించని కిరణం

పరవాడ ప్రాంతంలోని విద్యార్థులకు ఎత్తయిన విద్యుత్ స్తంభాలు కొత్త కావు. సింహాద్రి తాప విద్యుత్ కేంద్రంలో ఉత్పత్తి అయిన విద్యుత్తు 4 లక్షల వోల్టుల తీగల వెంట ఊళ్లు దాటిపోతుంది. స్తంభానికి పుర్రె, ఎముకల బొమ్మతో ఒక పలక వేలాడుతూ ఉంటుంది. అక్షరజ్ఞానం లేనివారు సైతం దాని భావాన్ని గ్రహిస్తారు. కాని పదివేల వోల్టులు ఒక బల్లమీద రెండు అల్యూమినియం రేకుల నడుమ ఒదిగి ఉన్నప్పుడు అక్కడ ఏ పలకా ఉండదు. స్వయంగా నిర్మించుకోదగిన వాయు లేసరును గురించి తెలుసుకోగోరేవారు ముందుగా తలచుకోవలసిన సంగతి ఇది.

ఉత్తేజం పొందిన అణువును తగిన కాంతి తాకితే, అది కూడా అదే దిశలో, అదే లయలో కాంతిని విడిచిపెడుతుందని 1917లో ఐన్‌స్టీన్ సూచించాడు. ఆ సూచన 1960లో ఫలించింది. మే 16న మైమన్ కెంపురాతి నుండి తొలి లేసరు కాంతిని వెలువరించాడు. అదే ఏడాది డిసెంబరులో బెల్ ప్రయోగశాలలో అలీ జవాన్, బెన్నెట్, హెరియట్ అనే ముగ్గురు హీలియం, నియాన్ వాయువుల మిశ్రమంతో మొదటి వాయు లేసరును సాధించారు.

హీలియం కథకు తెలుగు నేలతో సంబంధం కలదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాలకు చెందిన పోగ్సన్ మచిలీపట్నంలో సూర్యుని అంచున ఎగసిన జ్వాలల వర్ణపటాన్ని పరిశీలించారు. ఆ జ్వాలలు చూపిన పసుపు గీత భూమిమీద ఎరిగిన ఏ మూలకానికీ చెందదని ఆ తరువాత ఇంగ్లండులో లాకియర్ భావించాడు. సూర్యుని గ్రీకు నామాన్ని బట్టి దానికి హీలియం అనే పేరు వచ్చింది. భూమిమీద రామ్సే దానిని వేరుచేయగలిగింది 1895లో. వాయువుల వెలుగును చదివే ఈ విద్యను వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య కె. రంగధామరావు పెంచి పోషించారు. పరవాడకు అది దూరమేమీ కాదు.

లేసరు పుట్టిన నాలుగేళ్లకే, 1964 సెప్టెంబరులో, సైంటిఫిక్ అమెరికన్ పత్రిక హీలియం–నియాన్ లేసరును ఇంటిలో నిర్మించే విధానాన్ని వివరించింది. దానికి గాజుపని, శూన్యపు పంపు, అతి నునుపైన అద్దాలు కావలసి ఉండేవి. 1974 జూన్‌లో అదే పత్రిక నత్రజని లేసరును పరిచయం చేసింది. దీనికి అద్దాల అవసరం లేదు. కాలక్రమంలో ఔత్సాహికులు పంపును సైతం విడిచిపెట్టి, గదిలోని గాలితోనే లేసరును పనిచేయించారు. గాలిలో 78 శాతం నత్రజనియే కదా!

దాని నిర్మాణం చూడడానికి సులభం. అడుగున ఒక అల్యూమినియం రేకు, దానిపై దృఢమైన ప్లాస్టిక్ షీటు, ఆ పైన పక్కపక్కగా మరి రెండు రేకులు. ఇవి అడుగు రేకుతో కలిసి రెండు కెపాసిటర్లు అవుతాయి. పై రేకుల అంచుల మీద రెండు తిన్నని లోహపు కడ్డీలు కొద్ది మిల్లీమీటర్ల ఎడంతో ఎదురెదురుగా ఉంటాయి. ఒక తీగచుట్ట రెండు రేకులనూ కలపడం వల్ల రెండూ సమానంగా ఆవేశం పొందుతాయి. ఒకవైపు అమర్చిన స్పార్కు ఖాళీలో రవ్వ దూకగానే ఆ వైపు కెపాసిటర్ క్షణంలో ఖాళీ అవుతుంది. తీగచుట్ట ఆ వేగాన్ని అందుకోలేదు. అప్పుడు రెండవ కెపాసిటర్‌లోని వోల్టేజి కడ్డీల నడుమ గాలిమీద పడుతుంది. మామూలు గాలి పీడనం వద్ద నత్రజని అణువుల ఉత్తేజం ఒకటి రెండు నానోసెకన్లకు మించి నిలువదు. ఒక నానోసెకనులో కాంతి పయనించే దూరం విద్యార్థి సంచిలోని స్కేలు పొడవు, అంటే 30 సెంటీమీటర్లు. అందుకే కడ్డీలు ఒకచోట ఏమాత్రం దగ్గరైనా అక్కడ ఒకే రవ్వ దూకి, కిరణం పుట్టకుండా పోతుంది.

ఇటువంటి వర్ణనలు కొలతలను విస్తారంగా చెప్పి, జాగ్రత్తను చివర ఒక్క వాక్యంలో ముగించడం పరిపాటి. ఆ వరుస తలకిందులు కావాలి. మీట నొక్కి సరఫరా ఆపినంత మాత్రాన కెపాసిటర్‌లోని ఆవేశం పోదు. పొడవైన ప్లాస్టిక్ పిడి గల కడ్డీతో, తగిన నిరోధం గుండా దానిని ముందుగా భూమికి పంపాలి. పిమ్మట రేకులను తీగతో కలిపి అలాగే ఉంచాలి. పాత మైక్రోవేవ్ ఓవెన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ చవకగా దొరుకుతుందని దానిని వాడడం మృత్యువును ఆహ్వానించడమే. అత్యల్ప విద్యుత్ ప్రవాహాన్ని మాత్రమే ఇచ్చే సరఫరాను ఎంచుకోవాలి. సముద్రతీరంలో మరొక చిక్కు ఉంది. తేమగాలికి ప్లాస్టిక్ ఉపరితలం మీదుగా విద్యుత్తు పాకుతుంది. అందుచేత షీటు అంచులు రేకులను దాటి చాలినంత బయటికి ఉండాలి.

విద్యుత్తు అపాయాన్ని రవ్వ చప్పుడైనా తెలుపుతుంది. కిరణానికి ఆ చప్పుడు కూడా లేదు. దాని తరంగదైర్ఘ్యం 337 నానోమీటర్లు. అది అతినీలలోహితం గనుక కంటికి కనిపించదు. కంటి ముందుపొరను, కటకాన్ని అది గాయపరచగలదు. కంటిమంట కొన్ని గంటల తరువాత గాని తెలియకపోవచ్చు. ఎండకు పెట్టుకునే నల్లకళ్లద్దాలను నమ్మరాదు. ఆ తరంగదైర్ఘ్యాన్ని అడ్డగించే రక్షణ కళ్లద్దాలు ధరించాలి. కిరణం రెండు చివరల నుండీ వెలువడుతుంది గనుక యంత్రాన్ని పెట్టెలో ఉంచి, ఒక చివరను పూర్తిగా మూయాలి. స్పార్కు వల్ల ఓజోన్ పుడుతుంది గనుక గదిలో గాలి ఆడాలి. ఇన్ని నియమాలు గల పనికి ఇల్లు తగిన చోటు కాదు. భౌతికశాస్త్ర అధ్యాపకుల సమక్షంలో, కళాశాల ప్రయోగశాలలో, ఒంటరిగా కాక మరొకరు తోడుండగా చేయడమే ఉచితం.

కిరణం ఉన్నదని తెలుసుకోవడానికి తెల్లకాగితం చాలు. కాగితానికి తెలుపునిచ్చే రసాయనం ఆ కిరణానికి నీలంగా మెరుస్తుంది. స్పిరిటులో కరిగించిన పసుపు ఆకుపచ్చగా వెలుగుతుంది గాని, నిప్పురవ్వలు ఎగిరేచోట స్పిరిటు సీసా ఉండరాదు. దానికి బదులు హైలైటర్ కలం సిరాను నీటిలో కలిపితే సరిపోతుంది. నీలపు చుక్క కనిపించగానే ఒకరు సరఫరా ఆపాలి. రెండవవారు అప్పటికే పిడికడ్డీని చేతబట్టి ఉండాలి.