పాములేరు పలికింది... మైకు విన్నది!

తెరమీద హీరోయిన్ సెలయేట్లో కాళ్లాడిస్తుంటుంది. గలగలమని చప్పుడు. అది ఆ సెలయేటి గొంతే అనుకుంటున్నారా? చాలాసార్లు కాదండీ! మన సినిమాల్లో డైలాగులు ఎక్కువగా డబ్బింగ్ థియేటర్లోనే చెబుతారు. దాంతో లొకేషన్లో పలికిన చప్పుళ్లన్నీ పోతాయి. నీళ్లూ, పిట్టలూ, ఆకులూ మళ్లీ వేరేగా తెచ్చి అతికించాలి.

అలా 'తెచ్చే' పనిమీదే, సౌండ్ డిపార్టుమెంటులో పనిచేసే మా మిత్రుడు మారేడుమిల్లి బయల్దేరితే నేనూ తోకలా వెంటపడ్డాను. రాజమండ్రి నుంచి రంపచోడవరం మీదుగా సుమారు 85 కిలోమీటర్లు. 2021లో వచ్చిన 'పుష్ప' అడవి సీన్లు చాలా ఈ చుట్టుపక్కల తీసినవే. కనుక ఈ చెట్లు మీకూ పాత పరిచయమే!

పొద్దున్నే టీ తాగి పాములేరు వాగు ఒడ్డునే నడిచాం. మావాడి భుజాన పుస్తకమంత రికార్డరు, చేతిలో బొచ్చు కుక్కపిల్లలాంటి మైకు. గాలి తగిలితే బుస్సుమంటుందని దానికా బొచ్చు తొడుగు. నీళ్లు జోరుగా దూకేచోట ఆగి, "ఇక్కడ పెట్టు గురూ, అదిరిపోతుంది!" అన్నాను. పెట్టాడు. హెడ్‌ఫోన్ నా చెవులకు తగిలించాడు. నిజంగానే అదిరిపోయింది... మూకుడులో మిరపకాయ బజ్జీలు వేగుతున్నట్టు!

మావాడు నవ్వాడు. "నీటి చప్పుడంటే చాలావరకు బుడగల చప్పుడే గురూ. నీళ్లలో చిక్కిన గాలిబుడగ గంటలా మోగుతుంది. చిన్నదైతే స్వరం సన్నం, పెద్దదైతే బొంగురు. మిన్నార్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1933లోనే లెక్కగట్టి చెప్పాడు. లక్ష బుడగలు ఒక్కసారే అరిస్తే నీకు వినబడేది బజ్జీలే!"

ఇంకా పైకి నడిచాం. రెండు రాళ్ల సందులోంచి నీరు జారే చిన్న మడుగు దొరికింది. మూరెడు దూరంలో మైకు. ఈసారి బుడగలు విడివిడిగా పలికాయి... బుళుక్, టప్, బుళుక్! వెనకాల కీచురాళ్ల శ్రుతి. ఎక్కడో పిగిలిపిట్ట. ఇన్నాళ్లూ చెవులుండీ ఇవి వినలేదేం? అక్కర్లేని చప్పుణ్ణి మన మనసు పక్కకు నెట్టేస్తుంది. మైకుకి ఆ తెలివి లేదు, అన్నీ వింటుంది. నా నైలాన్ చొక్కా గరగర కూడా! "కదలకు" అని మావాడు సైగ చేశాడు. దోమ కుడుతున్నా రాయిలా నిలబడ్డాను.

కావలసింది అయిదు నిమిషాలు. మూడు గడిచాయి. నాలుగు... అంతలో పైన రోడ్డుమీద కారు. కారులోంచి హిట్ సాంగు, ఫుల్ వాల్యూంలో. లోయంతా దరువే! మావాడు తల పట్టుకుని మళ్లీ మొదటినుంచి మొదలెట్టాడు. ఈసారి మోటారు సైకిల్. ఆ తర్వాత మరో కారు, మరో పాట. ఎండెక్కేదాకా చూసినా నిఖార్సయిన అయిదు నిమిషాలు దొరకనేలేదు.

"ఎవర్రా వీళ్లు? అడవికొచ్చి కూడా..." అని తిట్టబోయి నోరు మూసుకున్నాను. నిరుడు ఇదే రోడ్డుమీద, ఇలాగే అద్దాలు దించి పాటలు మోగించుకుంటూ పోయిన కారులో నేనూ ఉన్నాను! పక్కనే పాములేరు పారుతోందని ఆ రోజు నాకు తెలియను కూడా తెలియదు.

మర్నాడు ఇంకా చీకటుండగానే వెళ్లాం. ఆరు నిమిషాలు దొరికింది. అది ఏ సినిమాలో, ఏ హీరోయిన్ కాళ్లకింద పలుకుతుందో మావాడు చెప్పడు. అంచేత తెరమీద సెలయేరు కనిపిస్తే చాలు, నేను చెవులు రిక్కించి కూచుంటున్నాను.

అన్నట్టు, మీరూ మారేడుమిల్లి వెళితే పాములేరు దగ్గర ఓ అయిదు నిమిషాలు పాట ఆపండి. మైకు అక్కర్లేదు లెండి!