తాత డోలు మోత మా ఫోన్లో ఎందుకు వినిపించలేదు?

పోస్టు కొంచెం పెద్దది, తీరికగా చదవండి. రాస్తున్నది హెడ్‌ఫోన్ల గురించే గానీ, మొదలైంది మాత్రం మా తాత డోలు దగ్గర.

మేము నలుగురం. భద్రాచలం ఏజెన్సీలో పక్కపక్క గూడేల నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఒకే హాస్టల్ గదిలో ఉంటున్నాం. పోయిన వేసవిలో భూమి పండుగకి ఇంటికెళ్లాం. తాత డోలు వాయిస్తుంటే, అత్తలు, చెల్లెళ్లు గజ్జెలు కట్టి రేలా పాడుతూ ఆడుతుంటే మొత్తం ఫోన్లో తీసుకున్నాం. హాస్టల్‌కి వచ్చాక స్పీకర్‌లో పెట్టి విన్నాం. ఏముంది, రేకు డబ్బా కొట్టినట్టు టకటకా వస్తోంది. అక్కడ నిలబడితే గుండెల్లో తగిలిన మోత లేనే లేదు. "తాతకి వయసైపోయింది రా, చేతిలో బలం తగ్గింది" అన్నాడు మాలో ఒకడు. మిగతా ముగ్గురం అవునన్నాం. ఫోన్లో జాగా కూడా లేదు, తీసేద్దాం అనుకున్నాం.

ఆ రాత్రి తీసేసే ముందు ఒకసారి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నవాడు అందర్నీ నిద్ర లేపాడు. మోత అంతా అందులోనే ఉంది. ఫోన్ స్పీకర్ చేసిన తప్పుని మేము తాత చేతుల మీద వేశాం. చాలా సిగ్గేసింది.

తర్వాత ఎందుకిలా అని కూర్చుని చదివాం. శబ్దం అంటే గాలి అదరడం. సెకనుకి ఎన్నిసార్లు అదిరితే అన్ని హెర్ట్జ్. మనిషి చెవి సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. డోలు లావు మోత కింద, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. మనిషి పాట మధ్యలో. గజ్జెల గలగల పైన, వేల హెర్ట్జ్‌లలో. అంత చిన్న ఫోన్ స్పీకర్ కింది శబ్దానికి సరిపడా గాలిని కదపలేదు. అందుకే చర్మం మీద దెబ్బ పడ్డ టక్ మాత్రమే వచ్చింది, వెనకాల మోత పోయింది.

ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత గట్టిగా వినిపిస్తుందో చూపించే గీతనే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ అంటారు. అడ్డంగా హెర్ట్జ్, నిలువుగా డెసిబెల్. గీత ఎడమ పక్క పడిపోతే డోలు పోతుంది, కుడి పక్క పడిపోతే గజ్జెలు పోతాయి. డబ్బా మీద 20 నుంచి 20,000 హెర్ట్జ్ అని రాస్తారు కదా, అది చూసి కొనకండి. ఎన్ని డెసిబెల్స్ తేడాలో అని రాయకపోతే ఆ అంకెలతో ఏమీ తెలియదు. ఇంకోటి, హెడ్‌ఫోన్ గీత తిన్నగా ఉంటేనే మంచిదని కూడా కాదు. మన చెవి రంధ్రమే 3,000 హెర్ట్జ్ దగ్గర్లో శబ్దాన్ని పెంచుతుంది. అందుకని మంచి హెడ్‌ఫోన్ గీతలో కూడా అక్కడ ఒక గుట్ట ఉంటుంది.

ఇదంతా చదివి కూడా ఒక తప్పు చేశాం. డబ్బులు పోగేసి బాస్ ఎక్కువ ఉన్న హెడ్‌ఫోన్లు కొన్నాం. మొదటి రోజు అబ్బా అనిపించింది. వారం తిరిగేసరికి తెల్సింది, డోలు మోత కింద అత్త పాట మాటలు మునిగిపోతున్నాయని. ఫోన్ స్పీకర్ మోతని తీసేస్తే, ఇది పాటని తొక్కేసింది.

ఇప్పుడు మేము పరీక్షించే పద్ధతి ఇది. ఇయర్‌ఫోన్ అయితే ముందు బుడిపె చెవిలో సరిగ్గా బిగుసుకుందా చూస్తాం. సందుంటే బాస్ మొత్తం కారిపోతుంది. రెండు హెడ్‌ఫోన్లు పోల్చేటప్పుడు సౌండ్ సమానంగా పెడతాం, ఎందుకంటే కొంచెం గట్టిగా ఉన్నదే చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది. కింది నుంచి పైదాకా పాకే టెస్ట్ టోన్ ఒకటి సౌండ్ బాగా తగ్గించి పెడతాం, ఎక్కడ మాయమవుతుందో, ఎక్కడ చెవిలో గుచ్చుకుంటుందో తెలుస్తుంది. ఆఖరికి, మేము దగ్గరుండి విన్న శబ్దాన్నే పెడతాం. సినిమా పాట స్టూడియోలో ఎలా మోగిందో మనకి తెలియదు. తాత డోలు ఎలా మోగుతుందో తెలుసు.

సెలవులకి హెడ్‌ఫోన్లు ఇంటికి తీసుకెళ్లాం. తాత కళ్లు మూసుకుని విన్నాడు, వేళ్లు మోకాలి మీద ఆడుతూనే ఉన్నాయి. మేము ఆయన్ని ఏమన్నామో చెప్పేశాం. నవ్వి, "మీ డబ్బా పాడైతే నా చెయ్యి పాడైందన్నార్రా" అన్నాడు. అత్త విని, "డోలు సరే, మా గజ్జెలేవి?" అంది. అప్పుడు చూసుకున్నాం, మేము వినిపించింది మెసేజ్‌లో ఒకరికొకరు పంపుకున్న కాపీ. అలా వీడియోగా పంపితే ఫైలు కుదించుకుపోతుంది, సన్న శబ్దాలకి దెబ్బ తగులుతుంది. అసలు ఫైలు పెడితే గజ్జెలు వచ్చాయి. ఇంకా నయం, అది తీసెయ్యలేదు.

కోయ ఇలవేల్పుల కథలు పాడిన సకిని రామచంద్రయ్య తాత, గుస్సాడీ కనకరాజు తాత ఇద్దరూ పద్మశ్రీలు, ఇద్దరూ 2024లోనే వెళ్లిపోయారు. మన గూడేల్లో ఏ బిరుదూ లేని తాతలు ఇంకా ఉన్నారు. ఈసారి పండక్కి వెళ్లినప్పుడు రికార్డు చెయ్యండి. అసలు ఫైలు దాచండి, పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి. వినేటప్పుడు సౌండ్ మరీ పెంచకండి, పోయిన వినికిడి తిరిగి రాదు. రికార్డు బాగోలేదనిపిస్తే ఇంకో హెడ్‌ఫోన్‌లో విని, అప్పుడు మాట్లాడండి. తాతని అనడానికి ముందు మన చేతిలో ఉన్న డబ్బాని అనుమానించండి.