రాత్రి వడదెబ్బ

ఎండకి కులం లేదంటారు. పడేటప్పుడు లేదు, నిజమే. నీడ వెతుక్కోవాల్సి వచ్చినప్పుడు ఉంది. గాలి తగిలే చోట పక్క వేసుకోవాల్సి వచ్చినప్పుడు ఉంది. దప్పికై బావి దగ్గరికి పోవాల్సి వచ్చినప్పుడు ఉంది. నేను మంగళగిరి కొండ కింద మాదిగ గూడెంలో, కరెంటు లేని తాటాకింట్లో పుట్టి పెరిగినదాన్ని. మా వంశంలో డిగ్రీ చదివింది నేనే ముందు. ఇప్పుడు సర్కారు బళ్లో పిల్లలకి సైన్సు చెబుతున్నాను. వేడి గురించి నాకు రెండు చదువులున్నాయి. ఒకటి బళ్లో చదివింది, రెండోది మా నాయనమ్మ దగ్గర నేర్చుకుంది.

మా వైపు ఎండలు రెండు రకాలు. పడమటి గాలి తోలే రోజుల్లో వడగాలి. మొహం మీద పొయ్యి ఊదినట్టుంటది. చెమట పట్టిన సంగతి కూడా తెలియకుండా ఆరిపోద్ది. గాలి సముద్రం వైపు తిరిగితే వేడి కాస్త తగ్గిద్ది గానీ తేమ వచ్చిద్ది. బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రం మాకు 65 కిలోమీటర్లు ఉంటది. ఆ గాలి ఆడినంతసేపూ ప్రాణానికి హాయి. ఆగిందా, ఇక ఉక్కే. ఒంటి మీద చెమట కాలవ కడతది గానీ ఆరదు. బెజవాడని ఇంగ్లీషోళ్లు బ్లేజ్‌వాడ అన్నారని నవ్వుతా చెప్పుకుంటారు. వాళ్లకి మంట ఒక్కటే తెలిసింది. ఉడకటం మాకు తెలుసు.

వడగాలికి మా నాయనమ్మ దగ్గర మందుంది. గోనె పట్టాలు తడిపి తలుపుకి కట్టేది. పొద్దున్నే ఇల్లు పేడతో అలికేది. ఇసక పోసి, ఇసక తడిపి, దాని మీద కుండ పెట్టేది. పొద్దున చద్దన్నంలో గంజి, ఉప్పు, ఉల్లిపాయ. పనికి పోయేవాళ్ల తలగుడ్డ తడిపి ఇచ్చేది. ఇవన్నీ ఒకటే సూత్రం అని నాకు డిగ్రీలో తెలిసింది. కుండకి సన్నసన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచి ఊరిన నీళ్లు ఆవిరయ్యేటప్పుడు లోపలి నీళ్ల వేడి పట్టుకుపోతాయి. గోనె పట్టా అంతే. మనిషి ఒళ్లూ అంతే. మనం కూడా కుండలమే. అయితే గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే నీరు ఆవిరి కాదు. ఉక్క రోజుల్లో కుండలో నీళ్లు చల్లబడవు, గోనె పట్టా వల్ల ఉపయోగం లేదు, చెమట పని చెయ్యదు. "కుండ కూడా చేతులెత్తేసిందే" అనేది నాయనమ్మ. ఆ రోజుల్లో మనిషిని కాపాడేది కదిలే గాలి ఒక్కటే. ఆ గాలి దగ్గరే వచ్చింది చిక్కంతా.

మా గూడెం ఊరికి ఉత్తరాన ఉంది. సాయంత్రం పైరగాలి దక్షిణం నుంచి వచ్చిద్ది. ముందు ఊరోళ్ల మామిడి దొడ్లకి, వసారాలకి, మేడలకి తగిలిద్ది. మా దాకా వచ్చేసరికి దానికి ఊపిరి ఉండదు. వెనకేమో కొండ. పగలంతా కాగిన బండరాయి రాత్రి ఆ వేడి కక్కుద్ది. ఇట్టా ఎందుకు కట్టారే అని ఒకసారి అడిగితే నాయనమ్మ, "మన మీంచి పోయిన గాలి వాళ్లకి తగలగూడదంటమ్మా, అందుకని మనల్ని వాళ్లెనక పెట్టారు" అంది. అంటరానివాళ్లు ఊరి బయటే ఎందుకుండాలి అని అంబేద్కర్ ఒక పుస్తకంలో ప్రశ్న వేసుకుని జవాబు వెతికాడు. నేను ఆ పుస్తకం చదివే నాటికి ఆ ప్రశ్న నా వీపు మీద చెమటపొక్కులై ఉంది.

మంగళగిరి గాలిగోపురం అందరికీ తెలుసు. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. 1807-09 మధ్య వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించాడని రాసి ఉంది. రాళ్లు ఎవరు మోశారో రాసి లేదు. కొండ మీద పానకాల స్వామికి బెల్లం పానకం నోట్లో పోస్తారు. సగం తాగి సగం భక్తులకి వదిలేస్తాడని నమ్మకం. ఈ కొండ ఒకప్పుడు అగ్నిపర్వతమనీ, పానకం పోసి చల్లబరుస్తున్నారనీ చెప్పేవాళ్లు కూడా ఉన్నారు. గాలికి గోపురం, కొండకి పానకం ఉన్న ఊరు మాది. మా తాత ఆ ఊళ్లో చెప్పులు కుట్టేవాడు. తను కుట్టిన చెప్పులు తన కాళ్లకి తొడుక్కుని ఊరి బజార్లో నడవగూడదు. ఊరి మొదట్లో విప్పి చేతిలో పట్టుకునేవాడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా తాత కాళ్లు పగిలిన సంగతి సామెతల్లో లేదు.

రాత్రుళ్లు మగాళ్లు నులక మంచాలు ఎత్తుకుని కాలవ గట్టు మీదకి పోయేవాళ్లు. నులక మంచానికి కిందనుంచి కూడా గాలి ఆడతది. బనీను కూడా విప్పేసి పడుకునేవాళ్లు. ఆడవాళ్లకి ఆ గట్టు లేదు. గూడెం ఆడవాళ్లు ఆరుబయట పడుకుంటే ఊళ్లో కొందరు మోటారు కాడికి పోతా పోతా లైటు వేసి చూసిపోయేవాళ్లు. అందుకని మాయమ్మ, నేను, మా చెల్లి గుమ్మానికి అడ్డంగా పడుకునేవాళ్లం. ఒంటి మీద బట్ట బట్టే. తాటాకు విసనకర్ర చేతిలో. మాయమ్మ నిద్రలో కూడా విసిరేది. చెయ్యి ఆగితే నాకు మెలకువ వచ్చేది.

నీళ్ల సంగతి. కృష్ణా కాలవలు పక్కనే ఉన్నా పంటలయ్యాక వేసవిలో కట్టేస్తారు. ఎండ ముదిరే నాటికి కాలవ అడుగున బురద కూడా ఎండి నెర్రెలిస్తది. అప్పుడు ఊరోళ్ల తోటల్లో బావుల కాడికి పోవాలి. వాళ్లు తోడి పోస్తే పట్టుకోవాలి. మంచి మనసుంటే రెండు బిందెలు, లేకపోతే తిట్లు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగల మీద దాడి చేసి ఆరుగుర్ని చంపారు. దానికి ముందు రోజు గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గరే. తాగే నీళ్లు పాడు చెయ్యొద్దన్నందుకు కొట్టబోతే మున్నంగి సువార్త బిందె ఎత్తింది. నేను పుట్టకముందు సంగతి ఇది. మా గూడెంలో మాత్రం నీళ్లకి పోయే ప్రతి ఆడపిల్లకీ పెద్దవాళ్లు ఆ కథ చెప్పి పంపేవాళ్లు, జాగ్రత్తకి.

ఇక ఇల్లు. ఇప్పుడు హైవే పక్కన రిసార్టుల్లో తాటాకు గుడిసెలు వేసి, ఏసీ లేకుండానే ఎంత చల్లగా ఉందో అని మురిసిపోతున్నారు. నిజమే, తాటాకిల్లు చల్లన. మందంగా కప్పిన ఆకు మధ్య గాలి నిలిచి ఎండని లోపలికి రానివ్వదు. మట్టి గోడ నిదానంగా కాగిద్ది. పొద్దుగూకితే ఆకు ఇట్టే చల్లబడిద్ది. సైన్సు మేష్టరుగా దానికి నూటికి నూరు మార్కులూ వేస్తాను. కానీ ఆ తాటిచెట్లు ఆసాముల గట్ల మీదయి. ఆకు కావాలంటే నాలుగు రోజులు ఉత్తి చాకిరీ చెయ్యాలి. రెండేళ్లకొకసారి కప్పు మార్చాలి. వానొస్తే కారిద్ది, చూరులో పాములుంటాయి. అన్నిటికీ మించి నిప్పు. 2002 మే నెలలో మధ్యాహ్నం పడమటి గాలికి ఒక పొయ్యిలో నిప్పురవ్వ ఎగిరింది. గూడెంలో సగం ఇళ్లు బూడిదయ్యాయి. నా తొమ్మిదో తరగతి పుస్తకాలు, మాయమ్మ పెళ్లి చీర, నాయనమ్మ నులక మంచం అన్నీ పోయినయ్యి. ఆర్పటానికి నీళ్లెక్కడియ్యి, కాలవ ఎండిపోయి ఉంటే.

కరెంటు సంగతీ చెప్పాలి. 1988-89లో కేంద్ర ప్రభుత్వం కుటీర జ్యోతి అని ఒక పథకం పెట్టింది. పేదల ఇంటికి ఒక్క బల్బు కనెక్షను. అలాంటి ఒంటి బల్బే మా గూడేనికీ వచ్చింది, నేను ఐదో తరగతిలో ఉండగా. దాని కింద కూర్చుని చదివాను, ఆ రుణం ఉంది. కానీ చూడండి, పేదోడికి వెలుతురు చాలనుకున్నారు గానీ గాలి కావాలనుకోలేదు. ఫ్యాను అనేది ఆ లెక్కలో లేదు.

2007లో మాకు పక్కా ఇల్లు వచ్చింది. ఒకటే గది, పైన పల్చటి సిమెంటు స్లాబు, చిన్న కిటికీ. ఆ రోజు మా నాయన గుమ్మంలో నిలబడి చేత్తో గోడ తడిమాడు. "ఇది కాలదు" అన్నాడు. కాలదు. కానీ కాగిద్ది. సిమెంటు స్లాబు పగలంతా ఎండని తాగి రాత్రంతా కిందకి వదులుద్ది. తాటాకింట్లో పగలు పనికిపోయి రాత్రి చల్లగా పడుకున్న మనుషులు, పక్కా ఇంట్లో పగలు ఎండలో మాడి రాత్రి స్లాబు కింద ఉడికారు. కొండ మా వెనక ఉండేది. ఇప్పుడు నెత్తి మీదకొచ్చింది.

మా నాయన శీతల గిడ్డంగిలో హమాలీ. గుంటూరు మిరపకాయల రంగు, ఘాటు పోకుండా చలి గదుల్లో దాస్తారు. బయట లారీ మీంచి టిక్కీ వీపు మీద వేసుకుని, ఆ చలిలోకి పోయి దింపి, మళ్లీ ఎండలోకి రావాలి. రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు. "మిరపకాయ రాజాలాగా పడుకుందమ్మా లోపల" అనేవాడు నవ్వుతా.

2015 మే నెల ఎండలు ఎవరూ మర్చిపోలేరు. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేసవి సెలవలకి నేను ఇంటికొచ్చి ఉన్నాను. ఒకరోజు సాయంత్రం మా నాయన పని నుంచి వచ్చి, తల బరువుగా ఉందని మంచం మీద వాలాడు. మజ్జిగ తాగాడు. రాత్రి కరెంటు పోయింది. గాలి ఆకు కూడా కదిలించలేదు. అర్ధరాత్రికి ఒళ్లు పెనంలాగా ఉంది. మాట తేడా వచ్చింది. నన్ను పట్టుకుని వాళ్లమ్మ అనుకుని "అమ్మా, గోనె తడుపు" అన్నాడు. తడిపాం. బిందెలు బిందెలు పోశాం. మాయమ్మ విసురుతానే ఉంది. ఆటో వచ్చేలోపే పోయాడు.

బంధువులు రావాలని ఫ్రీజరు పెట్టె అద్దెకి తెచ్చాం. మా ఇంట్లోకి చల్లదనం వచ్చింది ఆ ఒక్కరోజే.

ఆ ఏడు వడదెబ్బకి చనిపోయినవాళ్ల కుటుంబాలకి లక్ష రూపాయలని ప్రభుత్వం ప్రకటించింది. మాయమ్మని తీసుకుని ఒక ఆఫీసుకి పోయాను. అక్కడ కూర్చున్నాయన కాగితం చూసి, "ఎక్కడ పోయాడు?" అన్నాడు. ఇంట్లో అన్నాను. "ఎప్పుడు?" రాత్రి. "రాత్రిపూట ఇంట్లో వడదెబ్బేందమ్మా? తాగేవాడా?" అన్నాడు. మాయమ్మ నా చెయ్యి పట్టుకుని లేపింది. మెట్లు దిగుతా ఒకటే మాట అంది. "ఎండ గుమ్మం కాడ ఆగుద్దనుకున్నాడు ఆ బాబు."

నేను చెప్పదల్చుకుంది కూడా అదే. ఎండలో పడిపోతేనే వడదెబ్బ కాదు. పగలు ఎండలో చాకిరీ చేసిన ఒంటికి రాత్రి చల్లబడే వీలుండాలి. అది లేకపోతే వేడి లోపల్లోపలే పేరుకుపోయి గుండెని, మెదడుని కొడుతుంది. ఇప్పుడు వాతావరణ శాఖ కూడా వేడి రాత్రుల్ని ప్రకటిస్తోంది. గాలిలో తేమ ఉంటే మామూలు థర్మామీటరు అబద్ధం చెప్పినట్టే. మా బళ్లో పిల్లల చేత థర్మామీటరు బల్బుకి తడిగుడ్డ చుట్టించి చూపిస్తాను. పొడి రోజు పాదరసం బాగా దిగుతుంది, ఉక్క రోజు దిగనంటుంది. "అది దిగకపోతే మన చెమట కూడా పని చెయ్యదు" అని చెబుతాను. సిమెంటు రేకుల ఇంట్లో ఉండే పిల్ల ఒకతి, "టీచర్, మా ఇంట్లో రాత్రిపూట కొలవచ్చా?" అని అడిగింది. అప్పట్నుంచి కొలిపిస్తున్నాను. బయటెంత, ఇంట్లో ఎంత, రాత్రి తొమ్మిదింటికి ఎంత. రేకుల ఇళ్లూ స్లాబు ఇళ్లూ రాత్రి బయటికన్నా లోపలే వేడిగా ఉంటున్నాయి. పిల్లలు ఎర్ర సిరాతో గీత కొడుతున్నారు.

ఫోన్లకి ఇప్పుడు హెచ్చరికలు వస్తాయి. మధ్యాహ్నం బయటికి రావద్దని. మంచిదే. బయటికి రాకపోతే కూలి ఎవరిస్తారు, లోపలుంటే ఆ లోపల ఎలా ఉంది అన్నది ఎవరూ అడగరు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో పని చేసే చోట నీడ, తాగే నీళ్లు ఉండాలని రాశారు. పడుకునే చోటు గురించి ఎవరు రాస్తారు? 2020లో మన రాష్ట్రంలో పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు చొప్పున ఇళ్ల స్థలాలు ఇచ్చారు. సెంటంటే 48 గజాలు. ఇల్లు పోగా వేపచెట్టు ఎక్కడ నాటుకోవాలి? తెలంగాణలో 2023లో చల్లని పైకప్పుల విధానం తెచ్చారు, ఎండని తిప్పికొట్టే తెల్ల పూతలు వాడమని. అలాంటిది ముందు రావాల్సింది గూడేలకి.

మాయమ్మని నాతో టౌనుకి రమ్మంటే రాదు. తాటాకు పందిరి వేయిస్తానంటే వద్దంటది. నిప్పంటే ఆమెకి ఇప్పటికీ భయం. నేను సున్నం తెచ్చి స్లాబంతా తెల్లగా పూయించాను. గోడ వారన సొర విత్తు పెట్టి, తీగని తాళ్ల మీద స్లాబు పైకి పాకించింది ఆమె. సొర పాదు కప్పుకున్న చోట కింద చెయ్యి పెడితే తేడా తెలిసిద్ది. "ఉడికితే ఉడికాం గానీ కాలలేదు కదా, ఇంక చల్లగా చేసుకోవటం మనకి తెలవదా" అంటది.

ప్రభుత్వం వేసిన లెక్కలో మా నాయన లేడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. 2015 మే నెలలో మంగళగిరి కొండ కింద మాదిగ గూడెంలో ఒక హమాలీ వడదెబ్బకి చచ్చిపోయాడు. రాత్రిపూట. తన సొంత పక్కా ఇంట్లో.