స్ప్రింగు కాటా

అన్నంభట్టు తర్కసంగ్రహమున సంస్కారమును వేగము, భావన, స్థితిస్థాపకము అని మూడు విధములుగా విభజించెను. రూపము మార్చబడిన వస్తువును మరల పూర్వస్థితికి తెచ్చునదియే స్థితిస్థాపకము. చాప మొదలగు వానియందు ఆయన చెప్పిన ఈ గుణమును నేడు మనము ఉక్కు స్ప్రింగులలో నిత్యము చూచుచున్నాము. కలములోనిది నొక్కిన కుంచించుకొనును, గడియారములోనిది చుట్టుకొనును, లారీ క్రింది కమానుపట్టెలు వంగును, వ్రేలాడు కాటాలోనిది సాగును. వీనిలో మన వాకిటికి వచ్చి మన సొమ్మును నిర్ణయించునది కాటా. కావున దానిని గూర్చియే నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

స్ప్రింగు సాగుదల బరువును బట్టి యుండునని రాబర్టు హుక్ 1678లో ప్రకటించెను. నేను తరగతిలో ఒక బరువును, పిమ్మట రెండింటిని, మూడింటిని వ్రేలాడదీసి చూపుదును. సాగుదలయు ఆ లెక్కననే పెరుగును. అయితే ఈ నియమమునకు హద్దు గలదు. హద్దు మీరి లాగిన స్ప్రింగు, బరువు తీసిన పిమ్మటను, కొంత సాగియే యుండును.

పాతకాగితములు కొనువాని కాటాను చూడుడు. ఏమియు తగిలింపకయే ముల్లు అరకిలో చూపుచున్నచో, ఆ స్ప్రింగు అలసినదన్నమాట. అప్పుడు నష్టపడునది మనము కాదు, అతడే. మనయింటి కాగితములకు అతడు ప్రతి తూకమునను అరకిలో సొమ్ము అధికముగా నిచ్చుచున్నాడు. ముల్లు సున్నకు సరిదిద్దుకొమ్మని అతనికి చెప్పుట మన ధర్మము.

రెండవ దోషము కనబడదు. స్ప్రింగు చుట్లు సగము కోసివేసిన, మిగిలినది రెండింతలు గట్టిపడును. పది కిలోలు తగిలించిన ముల్లు అయిదే చూపును. తీగ మందము రెండింతలైనచో, తక్కినవన్నియు సమానముగా నుండగా, గట్టితనము పదునారింతలగును. ఇట్టి కాటాలోను ముల్లు సున్నవద్దనే నిలుచును. సున్నను మాత్రము చూచి నమ్మువారు మోసపోవుదురు.

దీనికి పరీక్ష సులభము. వట్టి బకెట్టును తూచి, అందు అయిదు లీటర్ల నీరు పోసి మరల తూచవలెను. భేదము అయిదు కిలోలుండవలెను. పాతిన గుంజను మరల మరల కదల్చి గట్టిపరచుటను మన శాస్త్రకారులు స్థూణానిఖననన్యాయ మనిరి, ఇదియు నట్టిదే. మాయింట నీ పని నా భార్యయు కుమార్తెయు చేయుదురు. తూకమును పరీక్షించుట గౌరవస్థులకు తగదనువారు కలరు. తెలిసి ఇచ్చినది దానమగును గాని, తెలియక పోగొట్టుకొన్నది దానము కాదు.

కాటావానిని దొంగయని ముందే తలపవలదు. అతడు దానిని పాతదిగా కొని యుండవచ్చును. వానలో తడిసి త్రుప్పు పట్టి యుండవచ్చును. హద్దుకు మించిన బరువు తగిలింపవలదనియు, పని ముగిసిన పిమ్మట బరువును వ్రేలాడనీయవలదనియు, తడి తుడిచి పలుచని నూనె పూయవలెననియు, తూనికల కొలతల శాఖవారి ముద్రను గడువు దాటకుండ వేయించుకొనవలెననియు నెమ్మదిగా చెప్పిన, తనకును మేలేయని గ్రహించును. మొదట బకెట్టు తెచ్చినపుడు ముఖము ముడుచుకొన్నవాడే, సరియైన కాటా గలవాడైనచో, మరుసటి మాసము తానే నీరడుగును.