ఆ మాత్రం ఓర్చుకోలేవా?

మార్చి 8, మహిళా దినోత్సవం దగ్గరపడిందని, రొమ్ము క్యాన్సర్ కనిపెట్టే మామోగ్రామ్ శిబిరం చూసి రమ్మని ఎడిటర్ పురమాయించారు. జిల్లా కేంద్రంలో పెద్దాసుపత్రి. అక్కడి అధికారి యంత్రం ఖరీదు, రోజువారీ లక్ష్యం ఏకరువు పెడుతున్నారు. నా చెవి మాత్రం వరండాలో బెంచీ మీదే ఉంది.

"పోయినసారి నలిపేశారు వదినా. రెండ్రోజులు రవిక తగిలితే ఒట్టు. అమ్మో అంటే, పిల్లల్ని కన్నదానివి, ఆ మాత్రం ఓర్చుకోలేవా అన్నారు."

"మరి మళ్ళీ ఎందుకొచ్చావు?"

"కోడలు వదిలితేగా!"

ఆమె ఒప్పుకుంటే వెంట లోపలికి వెళ్ళాను. ఈసారి టెక్నీషియన్ వేరే అమ్మాయి. ముందు అరచేతులు రుద్దుకుని వేడి చేసుకుంది. "పెద్దమ్మా, భుజం వదులు చెయ్యి" అంటూ రొమ్మును కిందినుంచి ఎత్తి, ముందుకు లాగి, చర్మం ముడతలు వేళ్ళతో సర్దింది. పై పలకను పెడల్ తొక్కి సగం దించింది. మిగతాది చేత్తో, కొద్దికొద్దిగా తిప్పుతూ. చూపు యంత్రం మీద లేదు, పెద్దమ్మ మొహం మీద ఉంది. "ఆపమంటే ఆపేస్తా." ఎక్కడ ఆగాలో ఆ చేతికి తెలుసు, జొన్నరొట్టె తట్టే చేతికి తెలిసినట్టు. ఒక్కో రొమ్ముకు రెండు చొప్పున నాలుగు ఫొటోలు. పెద్దమ్మ ఒక్కసారే పళ్ళు బిగించింది.

నొక్కక తప్పదు. కణజాలం పరుచుకుంటేనే మాటున ఉన్న గడ్డ బయటపడుతుంది, బొమ్మ చెదరదు, రేడియేషన్ కూడా తక్కువ సరిపోతుంది. నా కోపం నొక్కడం మీద కాదు, "ఓర్చుకో" అనడం మీద. బిగింపును స్త్రీల చేతికే ఇచ్చి చూసిన ఫ్రాన్స్ అధ్యయనం 2019లో వెలువడింది. నొప్పి తగ్గింది, బొమ్మ నాణ్యత తగ్గలేదు. నెలసరికి ముందు రోజుల్లో రొమ్ములు సలుపుతుంటాయి, అది అయిపోయాక వారంలో పరీక్ష చేస్తే బాధ తక్కువ. ఇది నర్సులందరికీ తెలుసు. శిబిరం తేదీ మాత్రం ముఖ్య అతిథి వీలును బట్టి పడుతుంది.

ఇది సుకుమారుల గోల అనుకుంటే పొరపాటే. ముంబైలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్ళు యంత్రం లేకుండా, శిక్షణ పొందిన కార్యకర్తల చేతి పరీక్షతో చేసిన సుదీర్ఘ అధ్యయనంలో 50 దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. రెండేళ్ళకోసారి, మళ్ళీ మళ్ళీ చేసిన పరీక్ష అది. చేత్తో అయినా యంత్రంతో అయినా, ఆడమనిషి తిరిగి వస్తేనే ఫలితం. ఒకసారి నొచ్చుకున్న మనిషి తను రాకపోవడమే కాదు, వాడకట్టులో నలుగురినీ ఆపుతుంది.

అధికారిని అడిగాను, పోయినసారి వచ్చి ఈసారి రానివాళ్ళు ఎందరని. ఆ లెక్క ఉంచడం లేదన్నారు. నమోదు కాగితంలో ఆధార్ నంబరుకు గడి ఉంది, ఫోన్ నంబరుకు ఉంది. కిందటిసారి ఎంత నొప్పి పెట్టిందో రాసుకోవడానికి కూడా ఒక గడి గీయండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు, స్కేలు చాలు.