బోరు మెకానిక్ బుర్రలో ఎన్ని రూళ్లు!

రైతు అడిగేది ఒకటి, దుకాణంలో ఇచ్చేది మరొకటి, బోరుకు సరిపోయేది ఇంకొకటి. ఈ మూడూ కలవకపోతే కాలిపోయేది మోటారు ఒక్కటే కాదు, దానికోసం తెచ్చిన అప్పు కూడా బూడిదే. ఈ మూడింటినీ కలపడమే పనిగా పుట్టిన సాఫ్ట్‌వేర్ ఒకటుంది. పుట్టింది అమెరికాలోనే అయినా దాని కథ మన ఊళ్లకూ సంబంధించినదే!

నారాయణఖేడ్ ప్రాంతంలోని బోరంచనే తీసుకుందాం. నల్లపోచమ్మ గుడితో చుట్టుపక్కల అందరికీ తెలిసిన ఊరు. అక్కడి రైతు ఒకాయన కొత్త బోరు వేసి, మోటారు కొనడానికి నారాయణఖేడ్ బజారుకు వచ్చాడనుకోండి. పనితెలిసిన మెకానిక్ అయితే ముందు మోటారు చూపించడు. ప్రశ్నలు మొదలుపెడతాడు.

"ఎన్ని ఫీట్లు ఏసిన్రు కాకా?"

"మూడొందలు."

"నీళ్లెన్ని ఇంచులు పడ్డయి?"

"ఇంచున్నర అన్నరు."

"ఆగకుంట పోస్తదా, ఆగి ఆగి పోస్తదా?"

"గవన్నీ ఎందుకు బిడ్డా... పక్క చేనాయన ఏడున్నర హెచ్‌పీ పెట్టిండు. నాగ్గూడ గదే ఇయ్యి!"

"ఆయన బోరు వేరు, నీ బోరు వేరు కాకా!"

సరిగ్గా ఆ చివరి మాట మీదే ప్రపంచవ్యాప్తంగా ఓ సాఫ్ట్‌వేర్ రంగం నడుస్తోంది. దాని పేరు ప్రొడక్ట్ కాన్ఫిగరేటర్. కొనేవాళ్ల అవసరాన్ని బట్టి ఏ భాగం, ఏ భాగంతో కలుస్తుందో, ఏది కలవదో రూళ్ల ప్రకారం తేల్చిపెట్టడం దాని పని.

ఇలా ఉంటే... అలా!

మెకానిక్ బుర్రలో తిరిగేవీ రూళ్లే. కేసింగ్ ఎంత వెడల్పుంటే అంతకు తగ్గ పంపే అందులో దిగుతుంది. నీళ్లు ఎంత ఎత్తుకు ఎక్కాలో తేలితే ఎన్ని స్టేజీల పంపు కావాలో తేలుతుంది. మోటారు నుంచి స్టార్టర్‌కు దూరం పెరిగేకొద్దీ కేబుల్ లావు పెరగాలి. లేదంటే దారిలోనే ఓల్టేజీ పడిపోతుంది. ఓల్టేజీ పడిపోతే మోటారు ఎక్కువ కరెంటు లాగి, వైండింగ్ వేడెక్కుతుంది.

చిన్న లెక్క చూడండి. సెకనుకు 2 లీటర్ల నీటిని 75 మీటర్లు, అంటే దాదాపు 250 అడుగుల ఎత్తుకు ఎక్కించడానికి ఆ నీటికి అందాల్సిన శక్తే సుమారు 2 హెచ్‌పీ. పంపూ మోటారూ కలిసి తీసుకున్న కరెంటులో సగమే నీటికి అందిస్తాయనుకుంటే 4 హెచ్‌పీ కావాలి. కాబట్టి 5 హెచ్‌పీ మోటారు చాలు. పక్క చేనాయనతో పోటీపడి ఏడున్నర పెట్టి, దానికి తగ్గ పెద్ద పంపు దించితే? బోరులో ఊరే నీళ్లకంటే పంపు తోడేది ఎక్కువవుతుంది. నీళ్లు అడుగంటి పంపు ఉత్తగా తిరుగుతుంది. సబ్‌మెర్సిబుల్ మోటారును చల్లబరిచేది ఆ నీళ్లే. అవి లేకపోతే ఇక కాలడమే!

వీటిలో ఏ ఒక్క రూలూ బ్రహ్మవిద్య కాదు. అన్నిటినీ ఒకేసారి కుదర్చడమే కష్టం. ఒకటి మారిస్తే మరో నాలుగు మారతాయి. ఒక యంత్రంలో పది చోట్ల, చోటుకు మూడు రకాల చొప్పున ఎంచుకునే వీలుందనుకోండి. మొత్తం 59,049 రకాలుగా దాన్ని తయారుచేయొచ్చు. అందులో ఎన్నో కాగితం మీద కుదిరినా ఫ్యాక్టరీలో కుదరవు. లిఫ్టులు, ట్రాన్స్‌ఫార్మర్లు, బస్సు బాడీలు... అడిగినవారికి అడిగినట్టు చేసిచ్చే కంపెనీలన్నిటిదీ ఇదే తలనొప్పి.

కేబుల్ మర్చిపోతే కోట్ల నష్టం

ఆ తలనొప్పికి మొదటిసారి పెద్ద ఎత్తున మందు వేసింది కంప్యూటర్ల కంపెనీయే. 1970ల చివర్లో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 'వ్యాక్స్' కంప్యూటర్లు అమ్మేది. ఇప్పటిలా డబ్బా తెరిచి ప్లగ్గు పెట్టేవి కావవి. ప్రతి ఆర్డరూ వేరు. సేల్స్‌మన్ రాసుకొచ్చిన జాబితాలో ఓ కేబులో, ఓ బోర్డో తప్పిపోతే మొత్తం వ్యవహారం ఆగిపోయేది. మామూలు ప్రోగ్రాములతో దీన్ని చక్కదిద్దాలని చూశారు. ఫలించలేదు.

అప్పుడు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ మెక్‌డెర్మాట్ రంగంలోకి దిగారు. 1978లో మొదలుపెట్టి, నిపుణుల దగ్గర కూర్చుని 'ఇలా ఉంటే ఏం చేస్తారు?' అని అడిగి రాబట్టిన జ్ఞానాన్ని చిన్న చిన్న రూళ్లుగా పేర్చారు. చార్లెస్ ఫోర్జీ రూపొందించిన ఓపీఎస్5 భాష అందుకు సాయపడింది. ఆయన దానికి 'ఆర్1' అని పేరు పెడితే, కంపెనీవాళ్లు 'ఎక్స్‌కాన్' అన్నారు. 1980లో పనిలోకి దిగింది. 1986 నాటికి 80 వేల ఆర్డర్లను పరిశీలించింది. 95 నుంచి 98 శాతం దాకా తప్పుల్లేకుండా! ఏడాదికి 2.5 కోట్ల డాలర్లు ఆదా అయ్యాయని కంపెనీ లెక్క.

ఆ విశ్వవిద్యాలయంలోనే అప్పట్లో పాఠాలు చెబుతున్నారు మన రాజ్ రెడ్డి. ఒకప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన ఆయన, 1969లో అక్కడ చేరారు. 1979లో అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు తొలి డైరెక్టరయ్యారు. ఆ తర్వాత మెక్‌డెర్మాట్ తదితరులతో కలిసి ఇలాంటి పరిజ్ఞానాన్ని పరిశ్రమలకు అందించేందుకు కార్నెగీ గ్రూప్ అనే కంపెనీని స్థాపించారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

రూళ్లకూ వయసు మీదపడుతుంది

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ కొత్త మోడల్ వచ్చినప్పుడల్లా కొత్త రూళ్లు రాయాలి, పాతవి దిద్దాలి. వందల్లో మొదలైన ఎక్స్‌కాన్ రూళ్లు వేలల్లోకి చేరాయి. ఎవరు ఏ రూలు ఎందుకు రాశారో గుర్తుంచుకోవడమే పెద్ద ఉద్యోగమైంది. రాసినవాళ్లు వెళ్లిపోయాక రూలు మిగులుతుంది, కారణం మిగలదు. కారణం తెలియని రూలును తీసేయాలంటే భయం, ఉంచితే అనుమానం. 1998లో ఆ కంపెనీనే కాంపాక్ కొనేసింది. దాని దారి మాత్రం నిలిచింది. ఇవాళ కారు కంపెనీల వెబ్‌సైట్లలో రంగు, ఇంజిన్, సీట్లు ఎంచుకుంటుంటే కొన్ని ఆప్షన్లు వాటంతటవే మూసుకుపోతాయి చూశారా... ఆ వెనక ఉన్నది ఇలాంటి రూళ్లే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 'ఇది కుదరదు' అని తెర మీద రాగానే అది ప్రకృతి పెట్టిన రూలో, అమ్మేవాళ్లు పెట్టిన రూలో కొనేవాళ్లకు తెలియదు. కేసింగ్ ఇరుకు కాబట్టి ఈ పంపు దిగదనడం ఒక రూలు. ఈ పంపుతో మా కంపెనీ కేబులే కొనాలనడం మరో రూలు. మొదటిదాన్ని ఎవరూ మార్చలేరు. రెండోదాన్ని సాయంత్రానికల్లా మార్చొచ్చు. కంప్యూటర్‌కు మాత్రం రెండూ ఒకటే. తెర మీద రెండిటికీ ఒకే ఎర్ర అక్షరాలు!

మెకానిక్‌తో అయితే వాదించొచ్చు. 'ఎందుకొద్దు?' అంటే 'నీ బోరు వేరు' అని చెబుతాడు. నచ్చకపోతే మరో మెకానిక్‌ను అడగొచ్చు. అతడి బుర్రలోని రూళ్లను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించే రోజు వస్తే, వాటితోపాటు ఆ జవాబులూ ఎక్కాలి. ఎక్స్‌కాన్ కాలం నాటి నిపుణుల వ్యవస్థలకున్న గొప్ప గుణం ఇదే... ఏ రూలు ప్రకారం ఏ నిర్ణయం తీసుకున్నామో వెనక్కి తిరిగి చూసుకోవచ్చు. ఇప్పటి చాట్‌బాట్‌లు అడగ్గానే తియ్యగా సమాధానం చెబుతాయి. కానీ మోటారు కాలేది తియ్యటి మాటకు కాదు, తప్పు లెక్కకు! అందుకే మాట్లాడే పని చాట్‌బాట్‌కు ఇచ్చినా, తేల్చే పని రూళ్ల దగ్గరే ఉంచడం మేలు.

మరి కొనేవాళ్ల వంతు? బిల్లు రాసేముందు రెండే ప్రశ్నలు. ఈ సైజే ఎందుకు? నీళ్లు తగ్గితే ఏమవుతుంది? జవాబు మనిషి చెప్పినా, కంప్యూటర్ చెప్పినా బిల్లు వెనక రాయించుకోవాలి. దానికంటే ముందు చేయాల్సిన పని ఇంకోటుంది. బోరు వేసిన రోజే లోతు, కేసింగ్ దిగిన అడుగులు, నీళ్లు పడ్డ చోటు, ఎన్ని ఇంచులు పోసిందో కాగితం మీద పెట్టించుకోవాలి. ఆ కాగితం లేకపోతే ఎంత మంచి మెకానిక్ అయినా, ఎన్ని వేల రూళ్లున్న సాఫ్ట్‌వేర్ అయినా చేయగలిగేది ఊహించడమే.